సేవతో తీరే రుణం: గోదావరి డెల్టాలో ఉపాధ్యాయ విద్య, ప్రభుత్వ సహాయం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

చదువు కోసం చేసిన అప్పును ఉపాధ్యాయ సేవతో తీర్చుకోవచ్చుననే నిబంధన భారతదేశంలో 1963లో మొదలైన జాతీయ రుణ ఉపకారవేతన పథకంలో ఉండేది. అప్పు తీసుకున్న విద్యార్థి ఉపాధ్యాయుడైతే, పనిచేసిన ప్రతి సంవత్సరానికీ ఆ అప్పులో పదోవంతు రద్దయ్యేది. ఈ నిబంధనను గోదావరి డెల్టా విద్యాచరిత్ర నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. రేటు బడుల నాటి గ్రామ చందా, ట్రెయినింగ్ విద్యార్థుల స్టైపెండు ఒడంబడిక, గురువులూ దాతలూ భరించిన ఖర్చు, 1963 నాటి రుణ ఉపకారవేతనం అనే నాలుగు ఏర్పాట్లను వరుసగా పరిశీలించి, సేవను రుణ చెల్లింపుగా లెక్కించే విధానం ఏ పరిస్థితుల్లో నిలుస్తుంది, ఏ పరిస్థితుల్లో విఫలమవుతుంది అన్న ప్రశ్నకు ఈ వ్యాసం సమాధానం వెదుకుతుంది.

కీలకపదాలు: విద్యారుణం, రుణమాఫీ, ఉపాధ్యాయ విద్య, స్టైపెండు, రేటు బడులు, రాజమహేంద్రవరం, కొఠారీ కమిషన్.

1. ప్రవేశిక

తెలుగువారి వ్యవహారంలో ‘రుణం’ అనే మాటకు డబ్బు అప్పుకన్నా విస్తృతమైన అర్థం ఉంది. ‘నీ రుణం తీర్చుకోలేను’ అన్నప్పుడు ఆ మాటలో కృతజ్ఞత ఉంటుంది. ‘రుణం తీరిపోయింది’ అన్నప్పుడు బంధం తెగిపోవడం ఉంటుంది. ఈ భావానికి వైదిక వాఙ్మయంలో పాత మూలం ఉంది. కోనసీమ వేదపండితులు తరతరాలుగా అధ్యయనం చేస్తున్న కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయ సంహిత, బ్రాహ్మణుడు పుట్టుకతోనే మూడు రుణాలు మోస్తాడని చెబుతుంది. వాటిలో దేవరుణం యజ్ఞంతోనూ, పితృరుణం సంతానంతోనూ, ఋషిరుణం బ్రహ్మచర్యంతోనూ, అంటే విద్యాభ్యాసంతోనూ తీరుతాయి. చదువు ఒక అప్పు అనీ, అది ధనంతో కాక విద్యతోనే తీరుతుందనీ ఈ భావన సారాంశం. నేర్చినదాన్ని మరొకరికి నేర్పడం కూడా ఆ రుణం తీర్చుకోవడంలో భాగమేనని సంప్రదాయం భావించింది.

అయితే ఈ భావన వర్తించినది ఉపనయనార్హత ఉన్నవారికి మాత్రమే. మిగిలిన సమాజానికి ఆ విద్యలో ప్రవేశమే లేనందున అక్కడ రుణం అన్న ప్రశ్న పుట్టలేదు. అందరికీ తలుపు తెరిచే బడి వచ్చిన తరువాతే ‘చదువు ఖర్చు ఎవరు భరించాలి, దానికి బదులుగా చదువుకున్నవాడు ఏమివ్వాలి’ అన్నది సామాజిక ప్రశ్నగా మారింది. గోదావరి డెల్టాలో ఆ ప్రశ్నకు గత నూట డెబ్బై ఏళ్లలో భిన్నమైన సమాధానాలు వచ్చాయి. ఇక్కడ డెల్టా అంటే నేటి తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాలలోని కాలువల కింది ప్రాంతం.

2. గ్రామం భరించిన ఖర్చు: రేటు బడులు

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువల నీటితో మాగాణి పెరిగింది, దానితోపాటు భూమిశిస్తు లెక్కలు, రసీదులు, కోర్టు కాగితాలు పెరిగాయి. కాగితం చదవలేని రైతు ఇతరులపై ఆధారపడక తప్పని పరిస్థితి ఏర్పడింది. ఈ దశలో నరసాపురంలో సబ్ కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ 1850 దశకం మధ్యలో నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలో బడులు ప్రారంభింపజేశాడు. తరువాత చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ శిస్తుపై కొంత శాతం అదనంగా చెల్లించి ఊరి బడిని నడుపుకోవడానికి అంగీకరించారు. ఇవే చరిత్రలో ‘రేటు బడులు’గా నిలిచాయి. వీటిపై జె. మంగమ్మ చేసిన పరిశోధన ఈ అధ్యాయాన్ని విస్మృతి నుంచి కాపాడింది.

ఈ ఏర్పాటులో ఖర్చు భరించినది గ్రామం. పంతులు జీతం ఊరి శిస్తు నుంచి వచ్చేది. విద్యార్థిపై వ్యక్తిగతమైన అప్పేమీ లేదు. కానీ రైతులు స్వచ్ఛందంగా ఒప్పుకున్న చందా కాలక్రమంలో శిస్తుతో కలిసి తప్పనిసరి వసూలుగా మారడంతో దానికి చట్టబద్ధత ఏమిటన్న ప్రశ్న తలెత్తింది. ఆ ప్రశ్నకు సమాధానంగానే మద్రాసు ప్రభుత్వం 1863లో 6వ చట్టాన్ని చేసింది. ఇష్టంగా ఇచ్చినది ఎప్పుడు బాధ్యత అవుతుంది, బాధ్యత ఎప్పుడు బలవంతం అవుతుంది అన్న సందేహం డెల్టా విద్యాచరిత్రలో తొలిసారిగా ఇక్కడ కనిపిస్తుంది. తరువాతి ఏర్పాట్లలో అదే సందేహం వేరు వేరు రూపాల్లో తిరిగి వచ్చింది.

3. ఒడంబడిక కింద చదువు: ట్రెయినింగ్ స్టైపెండు

బడులు పెరిగినప్పుడు పంతుళ్ల కొరత ఏర్పడింది. 1854 నాటి ఉడ్ నివేదిక ఈ కొరతను ముందుగానే గుర్తించింది. ఇంగ్లండులో 1846 నుంచి అమలులో ఉన్న పద్ధతిని ఆదర్శంగా చూపుతూ, ఉపాధ్యాయ శిక్షణ కోసం నార్మల్ స్కూళ్లు నెలకొల్పాలనీ, శిక్షణలో ఉన్నవారికి స్టైపెండు ఇవ్వాలనీ సూచించింది. మద్రాసు రాష్ట్రంలో ఈ విధానం క్రమంగా స్థిరపడింది. రాజమహేంద్రవరంలో 1853లో ప్రారంభమైన ప్రభుత్వ పాఠశాల 1873లో కళాశాల స్థాయికి ఎదిగింది. పంతొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దంలో అక్కడే ప్రభుత్వ ట్రెయినింగ్ కళాశాల వెలసింది. కోస్తా జిల్లాల నుంచే కాక రాయలసీమ నుంచి కూడా పట్టభద్రులు ఎల్.టి. చదవడానికి అక్కడికి వచ్చేవారు.

స్టైపెండు ఉచితంగా ఇచ్చినది కాదు. దాన్ని పొందిన విద్యార్థి శిక్షణ ముగిశాక నిర్ణీత కాలం ఉపాధ్యాయుడిగా పనిచేస్తానని ఒప్పందపత్రం రాసి ఇవ్వాలి. మాట తప్పితే పుచ్చుకున్న సొమ్ము తిరిగి కట్టాలి. అంటే స్టైపెండు షరతులతో కూడిన అప్పు. సేవ చేస్తే అది రద్దవుతుంది, చేయకపోతే వసూలవుతుంది. నేటి పరిభాషలో చెప్పాలంటే, ఉపాధ్యాయులకు విద్యారుణమాఫీ అన్న ఆలోచనకు తొలి రూపం ఇదే.

ఈ ఒడంబడికకు రెండు ముఖాలు ఉన్నాయి. పూట గడవని ఇంటి కుర్రవాడికి ఇది చదువుకు దారి చూపింది. రాజమహేంద్రవరంలో వారాలు చేసుకుని చదివే విద్యార్థికి నెలనెలా చేతికందే నాలుగు రూపాయలు అన్నిటికన్నా పెద్ద ఆధారం. అదే సమయంలో ఆ సొమ్ము ఇచ్చే చేతికి అతని భవిష్యత్తుపై అధికారం కూడా కట్టబెట్టింది. సర్కారు ఉద్యోగమే లక్ష్యంగా సాగే చదువులో సర్కారుకు నచ్చని పని చేస్తే ఏం జరుగుతుందన్నది 1907లో తేలింది.

4. 1907: సేవ అంటే విధేయతా?

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ రాజమహేంద్రవరం వచ్చి వరుసగా ఉపన్యాసాలు చేశాడు. వాటిని చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులోకి అనువదించి సభికులకు వినిపించాడు. ఆ ఉత్సాహంలో విద్యార్థులు ‘వందేమాతరం’ బిళ్లలు ధరించి కళాశాలకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ దాన్ని క్రమశిక్షణారాహిత్యంగా పరిగణించి చర్య తీసుకున్నాడు. విద్యార్థులు తరగతులు బహిష్కరించారు. వారికి నాయకత్వం వహించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కర్నూలు ప్రాంతం నుంచి వచ్చి ట్రెయినింగ్ కళాశాలలో చదువుతున్న పట్టభద్రుడు. ఆయనను కళాశాల నుంచి బహిష్కరించడమే కాక ప్రభుత్వోద్యోగానికి అనర్హుడిగా ప్రకటించారు.

ఈ సంఘటనను సాధారణంగా జాతీయోద్యమ చరిత్రలో భాగంగా చదువుతారు. ఉపాధ్యాయ విద్య కోణం నుంచి చూస్తే మరో అంశం బయటపడుతుంది. ఒప్పందపత్రంలో ఉన్నది పాఠం చెప్పే బాధ్యత మాత్రమే. ఆచరణలో ప్రభుత్వం దానికి రాజకీయ విధేయతను కూడా చేర్చింది. శిక్షణార్థి పాఠం చెప్పడానికి నిరాకరించలేదు, అతని బోధనా సామర్థ్యాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. అయినా సేవచేసే అవకాశమే అతనికి లేకుండా పోయింది. సేవతో రుణం తీర్చుకునే పద్ధతిలో సేవకు నిర్వచనం ఇచ్చే అధికారం అప్పు ఇచ్చినవాడి చేతిలోనే ఉంటే, ఆ నిర్వచనం ఎంతవరకైనా సాగుతుందని ఈ ఉదంతం నిరూపిస్తుంది.

గాడిచర్ల తరువాతి జీవితం ఈ వాదానికి మరింత బలమిస్తుంది. బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడిపి 1908లో రాజద్రోహం నేరంపై జైలుకు వెళ్లాడు. అనంతర దశాబ్దాల్లో గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు అంకితమై, ప్రభుత్వ బడిలో చెప్పగలిగినదానికన్నా ఎక్కువమందికి చదువు అందించాడు. సర్కారు లెక్కలో సేవకు అనర్హుడైన వ్యక్తి సమాజం లెక్కలో జీవితమంతా ఉపాధ్యాయుడిగానే ఉన్నాడు.

5. గురువు భరించిన ఖర్చు, దాత భరించిన ఖర్చు

ప్రభుత్వ ఒడంబడికకు సమాంతరంగా డెల్టాలో మరొక సంప్రదాయం నడిచింది. టంగుటూరి ప్రకాశం బాల్యం అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. చిన్నతనంలోనే తండ్రి చనిపోగా, తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచింది. ఆమె శక్తికి మించిన చదువు భారాన్ని ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు తనపై వేసుకున్నాడు. తాను రాజమహేంద్రవరానికి మారినప్పుడు శిష్యుణ్ణి వెంట తీసుకువచ్చి చదివించాడు. ప్రకాశం తన స్వీయచరిత్రలో ఈ గురువును కృతజ్ఞతతో స్మరించుకున్నాడు. ఆ చదువుకు ఒప్పందపత్రం లేదు, పూచీదారు లేడు, తిరిగి చెల్లించే గడువూ లేదు. ఆ విద్యార్థే తరువాత రాజమహేంద్రవరం మునిసిపల్ చైర్మన్ అయ్యాడు, 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యాడు.

కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలో (1904–1919) ఇదే పద్ధతి సంస్థాగత రూపం దాల్చింది. పిఠాపురం మహారాజా ఆర్థిక సహాయంతో పేద విద్యార్థులకు, అనాథలకు, అంతవరకు కళాశాల గడప తొక్కని వర్గాలకు చదువు సాధ్యమైంది. వీరేశలింగం తన ఆస్తిని హితకారిణీ సమాజానికి అప్పగించడం కూడా ఈ కోవలోనిదే.

ఈ సంప్రదాయంలో ఔన్నత్యం ఉంది, పరిమితి కూడా ఉంది. దాత దృష్టిలో పడిన విద్యార్థికి మాత్రమే అది అందుతుంది. గురువుకు ప్రకాశం కనిపించాడు, అదే వీధిలోని మరో కుర్రవాడు కనిపించకపోవచ్చు. దయకు అర్హతా నియమాలు ఉండవు గనుక దాన్ని హక్కుగా అడగడానికి వీలుండదు. స్వాతంత్ర్యానంతరం విద్యార్థి సంఖ్య పెరిగినప్పుడు ఈ లోటు స్పష్టమైంది. రాజమహేంద్రవరం, కాకినాడలకు తోడు 1940, 1950 దశకాలలో ఏలూరు, భీమవరం, నరసాపురం, అమలాపురంలలో కళాశాలలు వెలిశాయి. రైతుకూలీల, చిన్న కమతాల రైతుల, చేతివృత్తులవారి పిల్లలు కళాశాల మెట్లెక్కే అవకాశం వచ్చింది. ఇంతమందికి దాతల సహాయం చాలదు. ప్రభుత్వం ముందుకు రావలసి వచ్చింది.

6. 1963: పదోవంతు నిబంధన

కేంద్ర ప్రభుత్వం 1963లో జాతీయ రుణ ఉపకారవేతన పథకాన్ని ప్రారంభించింది. మెట్రిక్యులేషన్ తరువాతి చదువులకు ప్రతిభ ఉండి ఆర్థిక స్తోమత లేని విద్యార్థులకు వడ్డీ లేని అప్పు ఇవ్వడం దీని ఉద్దేశం. కోర్సును బట్టి ఏటా 720 నుంచి 1,750 రూపాయల వరకు ఇచ్చేవారు. సొమ్ము కేంద్రానిది, పంపిణీ, వసూలు పని రాష్ట్ర విద్యాశాఖలది. చదువు ముగిసి సంపాదన మొదలైన కొంతకాలానికి వాయిదాలు ప్రారంభం కావాలి.

ఈ పథకంలో అతి ముఖ్యమైన నిబంధన మాఫీకి సంబంధించినది. రుణగ్రహీత ఉపాధ్యాయ వృత్తిలో చేరినా, సైనిక సేవలో చేరినా, పనిచేసిన ఒక్కో సంవత్సరానికి అప్పులో పదోవంతు రద్దవుతుంది. పదేళ్లు పాఠం చెబితే అప్పు పూర్తిగా తీరిపోతుంది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ కూడా ఉపాధ్యాయుల విషయంలో ఇదే పదోవంతు మాఫీని సిఫారసు చేస్తూ, ప్రతిభావంతులైన విద్యార్థులను బోధనవైపు ఆకర్షించడానికి ఇది తోడ్పడుతుందని భావించింది.

ఒక లెక్క వేసి చూస్తే ఈ నిబంధన బరువు తెలుస్తుంది. కనిష్ఠ మొత్తమైన 720 రూపాయల చొప్పున మూడేళ్ల బి.ఏ. చదివిన విద్యార్థిపై 2,160 రూపాయల అప్పు నిలుస్తుంది. అతడు ఉపాధ్యాయుడైతే ఏటా 216 రూపాయలు, అంటే నెలకు 18 రూపాయలు రద్దవుతాయి. ఆనాటి ఉపాధ్యాయుడి ఇంటి బడ్జెట్‌లో నెలకు పద్దెనిమిది రూపాయలు విస్మరించదగిన మొత్తం కాదు.

ప్రపంచ నేపథ్యంలో ఈ నిబంధనకు దగ్గరి పోలిక ఉంది. సోవియట్ యూనియన్ 1957లో స్పుత్నిక్‌ను ప్రయోగించిన మరుసటి ఏడాది అమెరికా జాతీయ రక్షణ విద్యాచట్టాన్ని చేసింది. ఆ చట్టం కింద అప్పు తీసుకున్నవారు ఉపాధ్యాయులైతే ఏడాదికి పదిశాతం చొప్పున ఐదేళ్లలో గరిష్ఠంగా సగం అప్పు రద్దయ్యేది. ఐదేళ్ల తరువాత వచ్చిన భారతీయ పథకం మొత్తం అప్పునూ రద్దు చేసేందుకు సిద్ధపడింది. రెండుచోట్లా ఉపాధ్యాయుణ్ణీ సైనికుణ్ణీ దేశరక్షణ భాషలోనే చూడడం గమనార్హం.

పాత స్టైపెండు ఒడంబడికతో పోలిస్తే 1963 నిబంధనలో మౌలికమైన మార్పు ఉంది. అక్కడ విద్యార్థి ముందే తన భవిష్యత్తును రాసి ఇవ్వాలి. ఇక్కడ చదువు పూర్తయ్యాక తన దారి తాను ఎంచుకోవచ్చు. ఇంజనీరు కాదలచినవాడు అప్పు తీర్చి వెళ్లిపోవచ్చు, బడిపంతులు కాదలచినవాడు పాఠం చెప్పి తీర్చుకోవచ్చు. ఉపాధ్యాయ వృత్తి శిక్షగా కాక గౌరవంగా ఒప్పందంలోకి వచ్చింది. గాడిచర్ల వంటి విద్యార్థికి 1907లో దక్కని స్వేచ్ఛ ఈ నిబంధనలో సూత్రప్రాయంగా ఉంది.

7. ఆడపిల్ల చదువు, అప్పు, పెళ్లి

విద్యారుణాలపై జరిగిన అంతర్జాతీయ చర్చలో ‘వ్యతిరేక కట్నం’ అన్న భావన ప్రస్తావనకు వస్తుంది. అప్పు చేసి చదివిన ఆడపిల్ల పెళ్లితో పాటు ఆ అప్పునూ అత్తవారింటికి మోసుకుపోతుంది గనుక, కుటుంబాలు ఆమె చదువు కోసం అప్పు చేయడానికి వెనుకాడతాయన్నది దాని సారాంశం. వరకట్నం బలంగా వేళ్లూనిన డెల్టా సమాజంలో ఈ భయానికి అర్థం విడమరిచి చెప్పనక్కరలేదు. కట్నానికే అప్పు చేయవలసిన తండ్రి కూతురి చదువుకు మరో ప్రామిసరీ నోటు రాయడం కష్టం.

పదోవంతు నిబంధన ఈ చిక్కుముడిని విప్పగల శక్తి ఉన్నది. మధ్యతరగతి కుటుంబాలు ఆడపిల్లకు తగిన ఉద్యోగంగా అప్పట్లో విస్తృతంగా అంగీకరించినది టీచరు ఉద్యోగమే. బాలికా పాఠశాలలకు స్త్రీ ఉపాధ్యాయులు కావాలన్న కోరిక 1874లో వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల బడి తెరిచిన నాటి నుంచీ ఉంది. చదువుకున్న యువతి టీచరైతే ఆమె అప్పు ఆమె పనితోనే కరుగుతుంది, అత్తవారి జేబు నుంచి ఒక్క రూపాయి వెళ్లనక్కరలేదు. ఈ ప్రయోజనాన్ని ఊళ్లలోకి తీసుకువెళ్లి తల్లిదండ్రులకు వివరించి ఉంటే ఈ నిబంధన స్త్రీవిద్యకు బలమైన సాధనం అయి ఉండేది. కానీ పథకం భాష ‘రుణం’ దగ్గరే ఆగిపోయింది. బాండు, జామీను అన్న మాటలు ముందు వినిపించి, మాఫీ అన్న మాట నిబంధనల అడుగున ఉండిపోతే, అప్పుకు భయపడే కుటుంబం అక్కడిదాకా చదవదు.

8. వసూలు లేని చోట మాఫీ

ఈ పథకం ఎందుకు విఫలమైందన్న ప్రశ్నను విద్యా ఆర్థికవేత్త జంధ్యాల బి.జి. తిలక్ తన పరిశోధనల్లో వివరంగా చర్చించారు. దేశంలో విద్యారుణాల అనుభవంపై ఆయన చేసిన కృషి తెలుగు పరిశోధకులకు ప్రత్యేకంగా గమనించదగినది. వసూళ్లు చాలా తక్కువగా ఉండడం పథకానికి ప్రధాన లోపం. అప్పు తీసుకున్నవారు ఊరు మారారు, రాష్ట్రం మారారు, దేశం దాటారు. వారి ఆచూకీ తీసే యంత్రాంగం విద్యాశాఖ దగ్గర లేదు. చిన్న మొత్తాల వసూలుకు అయ్యే ఖర్చు ఒక్కొక్కప్పుడు రాబడిని మించిపోతుంది. చివరకు 1991లో పథకం ఆగిపోయింది.

దీన్ని సాధారణంగా వసూలు వైఫల్యంగా మాత్రమే చూస్తారు. ఉపాధ్యాయుడి కోణం నుంచి చూసినప్పుడు మరో నష్టం కనిపిస్తుంది. ఎవరి దగ్గరా అప్పు వసూలు కాని పరిస్థితిలో ఉపాధ్యాయుడికి ఇచ్చిన మాఫీకి విలువ ఏముంటుంది? పదేళ్లు పల్లెటూరి బడిలో పనిచేసి అప్పు రద్దు చేయించుకున్న పంతులుకూ, నగరంలో మంచి ఉద్యోగం చేస్తూ ఒక్క వాయిదా కూడా కట్టని అధికారికీ మధ్య ఆచరణలో తేడా లేకుండా పోయింది. నిజానికి నష్టపోయినది పంతులే. అతడు తన సేవను రుజువు చేసుకోవడానికి కాగితాలు పెట్టుకోవాలి, రెండోవాడికి ఆ శ్రమ కూడా లేదు. సేవకు ఇచ్చిన గుర్తింపు ఎగవేతల మధ్య కలిసిపోయింది. ప్రతిభావంతులు బోధనవైపు వస్తారన్న కొఠారీ కమిషన్ ఆశకు ఆధారమే లేకుండా పోయింది.

ఇక్కడ రెండు చారిత్రక అంచులు ఎదురెదురుగా నిలుస్తాయి. 1907లో ప్రభుత్వం తన ఒడంబడికను నిక్కచ్చిగా అమలు చేసింది, సొమ్ముకు మించి విధేయతను కూడా రాబట్టాలని చూసింది. 1963 తరువాత ప్రభుత్వం ఉదారమైన నిబంధన రాసుకుంది, దాన్ని అమలు చేసే చిట్టా పుస్తకం మాత్రం నిర్వహించలేదు. మొదటిదానిలో లెక్క ఉంది, స్వేచ్ఛ లేదు. రెండోదానిలో స్వేచ్ఛ ఉంది, లెక్క లేదు.

అమెరికాలో 2007లో మొదలైన ప్రజాసేవా రుణమాఫీ అనుభవం కూడా ఈ విశ్లేషణకు దగ్గరగా ఉంది. ప్రభుత్వ, ధర్మసంస్థల ఉద్యోగులు 120 నెలవారీ వాయిదాలు సక్రమంగా కట్టితే మిగిలిన అప్పు రద్దవుతుందన్నది ఆ చట్టం. పదేళ్ల తరువాత తొలి దరఖాస్తులు వచ్చినప్పుడు వాటిలో అత్యధిక భాగం తిరస్కరణకు గురయ్యాయి. రుణం రకం సరిగా లేదనో, చెల్లింపు పద్ధతి వేరనో, కాగితాలు అసంపూర్ణమనో కారణాలు చెప్పారు. సేవ చేసినట్లు అందరికీ తెలిసినా ఆ సేవ లెక్కలోకి ఎక్కలేదు.

9. 1991 తరువాత

రుణ ఉపకారవేతనం స్థానంలో 2001 నుంచి వాణిజ్య బ్యాంకుల విద్యారుణం వచ్చింది. ఇందులో వసూలు కట్టుదిట్టంగా ఉంది. వడ్డీ ఉంది. తక్కువ ఆదాయ కుటుంబాలకు చదువు కాలపు వడ్డీ భరించే కేంద్ర రాయితీ 2009లో వచ్చింది. కానీ ఉపాధ్యాయుడైతే అసలు తగ్గుతుందన్న నిబంధన లేదు. మరోవైపు ఆంధ్రప్రదేశ్‌లో బోధన రుసుముల చెల్లింపు పథకం మొదలై, ప్రభుత్వాలు మారినప్పుడు పేర్లు మార్చుకుంటూ కొనసాగుతోంది. ఇది అప్పు కాదు గనుక తిరిగి కట్టే ప్రశ్న లేదు, సేవతో సంబంధమూ లేదు. డెల్టాలో వేలాది కుటుంబాలకు ఇది మేలు చేసింది. అయినా చదువుకూ సమాజసేవకూ మధ్య లెక్కించదగిన బంధం అన్న పాత ఆలోచన ఈ రెండు ఏర్పాట్లలోనూ కనుమరుగైంది.

ఉపాధ్యాయుడి వైపు నుంచి చూస్తే ఈ కాలంలో లెక్క తిరగబడింది కూడా. 1980 దశకంలో నెలకు 398 రూపాయల వేతనంతో నియమితులైన స్పెషల్ టీచర్లను నేటికీ ఉపాధ్యాయ లోకం ‘398 టీచర్లు’ అనే పిలుస్తుంది. పూర్తి పనికి పూర్తి జీతం లేని ఆ సర్వీసుకు నోషనల్ ఇంక్రిమెంట్లు ఇవ్వాలని వారు దశాబ్దాల పాటు కోరవలసి వచ్చింది. ఆ కాలానికి సంబంధించినంతవరకు అప్పుపడినది ఉపాధ్యాయుడు కాదు, ప్రభుత్వమే.

నేటి బి.ఇడి. పట్టభద్రుడి పరిస్థితి మరో రకమైనది. 2018 డి.ఎస్.సి. తరువాత 16,347 పోస్టులతో మెగా డి.ఎస్.సి. ప్రకటన వెలువడేసరికి 2025 ఏప్రిల్ వచ్చింది. ఈ నిరీక్షణ కాలంలో బ్యాంకు అప్పు ఉన్న అభ్యర్థి ప్రైవేటు బడిలో తక్కువ జీతానికి పాఠం చెబుతూనే వడ్డీ కట్టుకుంటాడు. 1963 నిబంధన స్ఫూర్తితో చూస్తే, అతడు చెబుతున్న ప్రతి పాఠమూ అప్పులో కొంత భాగాన్ని తీర్చవలసినది. నేటి లెక్కలో దానికి చోటు లేదు.

10. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలు చేయవచ్చు. మొదటిది, సేవతో రుణం తీర్చుకోవడం అన్న ఆలోచన గోదావరి డెల్టాకు పరాయిది కాదు. స్టైపెండు ఒడంబడిక నుంచి పదోవంతు నిబంధన దాకా అది ఇక్కడి ఉపాధ్యాయ విద్యలో భాగంగా ఉంది. రెండవది, సేవ అంటే ఏమిటో ముందుగా, స్పష్టంగా, పాఠం చెప్పడానికే పరిమితం చేసి నిర్వచించకపోతే అది విధేయతగా మారుతుంది. 1907 ఇందుకు సాక్ష్యం. మూడవది, అప్పు అందరి దగ్గరా న్యాయంగా వసూలయినప్పుడే ఉపాధ్యాయుడికి ఇచ్చే మాఫీ గౌరవమవుతుంది. 1963 నుంచి 1991 వరకు సాగిన అనుభవం చెప్పేది ఇదే.

ఈ మూడింటినీ కలిపి చూసినప్పుడు మాఫీ అన్న మాట కూడా పునఃపరిశీలనకు వస్తుంది. మాఫీ అంటే క్షమించి విడిచిపెట్టడం. పదేళ్లు పిల్లలకు చదువు చెప్పినవాడిని ఎవరూ క్షమించనక్కరలేదు, అతడు బాకీ చెల్లించాడు. ఆ చెల్లింపును రూపాయల పక్కన నమోదు చేసే గడి మాత్రమే ప్రభుత్వ చిట్టాలో కావాలి. కొఠారీ కమిషన్ సిఫారసులో అలాంటి గడి ఉంది. దాన్ని ఏటా నింపే బాధ్యతను పంతులు దరఖాస్తుకు వదలకుండా విద్యాశాఖే తన సర్వీసు రికార్డుల నుంచి నెరవేర్చి ఉంటే, ఆ నిబంధన చరిత్ర మరోలా ఉండేది. కంప్యూటరీకరించిన సర్వీసు వివరాలు అందుబాటులో ఉన్న ఈ కాలంలో అది నాటికన్నా సులభం. జిల్లా విద్యాశాఖల పాత దస్త్రాలలో, కళాశాలల రికార్డు గదులలో మిగిలి ఉన్న రుణ ఉపకారవేతన బాండ్లను సేకరించి, వాటిలో ఎన్ని పాఠాలతో తీరాయో, ఎన్ని తీరకుండానే మూతపడ్డాయో పరిశీలించడం డెల్టా విద్యాచరిత్రలో తదుపరి పరిశోధకులు చేపట్టదగిన పని.